మిరిస్సాలో తిమింగలాలు: ఏ పడవ ఎక్కాలి? (విజయవాడ నుంచి, అమ్మానాన్నలతో)

పటమట_అమ్మాయి (విజయవాడ)
అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ బాబు, మా అమ్మానాన్న. పినాకిని రైల్లో చెన్నై, అక్కణ్ణుంచి కొలంబోకి ఫ్లైట్. బాబుకి తిమింగలాలంటే పిచ్చి. మిరిస్సాలో నీలి తిమింగలాలు కనిపిస్తాయని వాడే కనిపెట్టి మా ప్రాణం తీస్తున్నాడు.

ఆన్‌లైన్‌లో చూస్తే పడవల వాళ్ళు బోలెడు మంది, అందరికీ నాలుగున్నర స్టార్లే. వాట్సాప్‌లో ఒకాయన "గ్యారంటీగా చూపిస్తాం, బాగా దగ్గరికి తీసుకెళ్తాం" అన్నాడు. ఇంకొకాయన సగం రేటే అంటున్నాడు. వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి. నాన్నకి బీపీ ఉంది, పడవలో వాంతులవుతాయేమోనని టెన్షన్. అమ్మానాన్నలిద్దరూ శాకాహారులు.

బెంజ్‌సర్కిల్_బ్రో (విజయవాడ)
వెళ్ళండక్కా, మామూలుగా ఉండదు. పోయినేడు మా ఫ్రెండ్స్ బ్యాచ్ వెళ్ళాం. మా పడవ నడిపినోడు కత్తి. తోక ఎక్కడ లేచిందంటే అక్కడికి వాలిపోయేవాడు. చుట్టూ డజను పడవలు, అన్నీ దానికోసమే రేసు. మాదే ముందు! ఫోన్‌లో జూమ్ కూడా అక్కర్లేదు. వీడియోలు వెతికి పెడతా.

లంగరు (గుంటూరు)
పటమట అమ్మాయి గారూ, బ్రో చెప్పినలాంటి పడవ మాత్రం ఎక్కకండి. కోప్పడకు బ్రో, నీ తప్పని కాదు. కారణం రాస్తాను.

నీలి తిమింగలం నీళ్ళ మీదకి వచ్చేది మనకి కనపడటానికి కాదు, ఊపిరి తీసుకోవడానికి. పైకొచ్చి కొన్ని నిమిషాల పాటు వరసగా ఊపిరి తీసుకుంటుంది. ఒక్కో ఊపిరికి ఆవిరి తొమ్మిది మీటర్ల ఎత్తు దాకా చిమ్ముతుంది, దూరం నుంచి మనం ముందు చూసేది దాన్నే. తర్వాత వీపు వంచి లోపలికి మునుగుతుంది. మళ్ళీ పైకి రావడానికి పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ లోపల చేసే పని మేత. మిగతా చోట్ల క్రిల్ అనే రొయ్యల్లాంటి బుల్లి జీవుల్ని తింటే, శ్రీలంక దగ్గర ఎక్కువగా సన్న రొయ్యల్నే తింటాయి. అంత ఒళ్ళు పోషించుకోవాలంటే రోజుకి టన్నుల లెక్కన తినాలి.

ఇప్పుడు పైకి రాగానే నాలుగు వైపుల నుంచి ఇంజన్లు మీదకి వస్తే ఏం చేస్తుంది? ఊపిరి పూర్తి కాకుండానే మునుగుతుంది. మునిగినా ఎక్కువసేపు ఉండలేదు, మేత సగంలో వదిలి పైకొస్తుంది. పైన మళ్ళీ పడవలు. మనం అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే టైముకి పక్కన నిలబడి హారన్ కొడుతూనే ఉంటే ఎన్ని ముద్దలు దిగుతాయి? ఒక రోజైతే పర్లేదు. నవంబరు చివర నుంచి ఏప్రిల్ దాకా రోజూ పొద్దున ఇదే తంతు అయితే దాని ఒంటి మీద పడుతుంది.

శ్రీలంక చట్టంలోనే రూలు ఉంది, 2012 నుంచి. తిమింగలానికి 100 మీటర్ల కంటే దగ్గరికి పడవ పోకూడదు. కాబట్టి "బాగా దగ్గరికి తీసుకెళ్తాం" అన్నాడంటే రూలు తప్పుతానని ముందే చెప్తున్నట్టు. వాడి పేరు మీ లిస్టులోంచి అక్కడే కొట్టేయండి.

బెంజ్‌సర్కిల్_బ్రో
అన్నా, కోపమేం లేదు. కానీ అది పాతిక, ముప్పై మీటర్ల జంతువు. మా ఫైబర్ పడవ దాని తోకలో సగం కూడా లేదు. దానికి మేమంటే భయమేంటి? అంత ఇబ్బంది అయితే వేరే చోటికి పోతుంది కదా, సముద్రం అంతా దానిదే.

లంగరు
మంచి ప్రశ్నే. రెండు విషయాలు.

ఒకటి, అది వేరే చోటికి పోలేదు. శ్రీలంక దక్షిణ కొస, దొండ్రా దగ్గర, తీరం నుంచి కొంచెం దూరం వెళ్ళగానే సముద్రపు అడుగు ఒక్కసారిగా లోతుకి దిగిపోతుంది. మేత ఆ అంచున దొరుకుతుంది. చాలా నీలి తిమింగలాలు వేసవిలో ధ్రువాల వైపు వెళ్ళి తింటాయి, చలికాలం వెచ్చటి నీళ్ళకి వస్తాయి. ఇక్కడివి హిందూ మహాసముద్రం ఉత్తర భాగంలోనే ఏడాదంతా తిరుగుతాయి. ఇవి పేరుకి చిన్న రకం, అయినా ఇరవై మీటర్లు దాటుతాయి. శ్రీలంక శాస్త్రవేత్త ఆశా డి వోస్ చాలా ఏళ్ళుగా వీటి మీదే పనిచేస్తోంది. మేత ఉన్న చోటు వదిలి ఎక్కడికని పోతాయి?

రెండోది చప్పుడు. తిమింగలానికి కన్ను కంటే చెవే ముఖ్యం. నీలి తిమింగలం పిలుపు చాలా లోతైన ధ్వని, మన చెవికి అందీ అందనట్టు ఉంటుంది. అది వందల కిలోమీటర్లు పోగలదు. పెద్ద ఓడల ఇంజన్ రొద కూడా అదే శ్రుతిలో ఉంటుంది, పిలుపుని మింగేస్తుంది. దీనికో గట్టి రుజువుంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొన్నాళ్ళు ఓడల రాకపోకలు తగ్గాయి. అప్పుడు కెనడాలోని ఫండీ అఖాతంలో రైట్ వేల్స్ అనే తిమింగలాల మలాన్ని పరీక్షించినవాళ్ళకి అందులో ఒత్తిడి హార్మోన్లు తగ్గినట్టు తేలింది. ఆ పరిశోధన 2012లో అచ్చయింది. మలం ఏరుకుని చదువుకునేవాళ్ళు ఉండబట్టే ఈ సంగతి మనకి తెలిసింది, నవ్వకండి.

మిరిస్సా ముందున్న ఓడల దారి ప్రపంచంలో బాగా రద్దీగా ఉండేవాటిలో ఒకటి. ఓడ గుద్ది చచ్చిపోయిన తిమింగలాలు ఆ తీరంలో దొరికాయి. 2022లో ఎంఎస్‌సీ అనే అతిపెద్ద కంటైనర్ ఓడల కంపెనీ తన ఓడల్ని దాదాపు 15 నాటికల్ మైళ్ళు దక్షిణానికి జరిపింది. అందరూ జరిపితే గుద్దుకోవడం చాలా మటుకు తగ్గుతుంది. ఇప్పటికైతే అందరూ జరపలేదు. అసలు నష్టం ఆ పెద్ద ఓడలది, మన టూరిస్టు పడవలది దాని మీద పడే అదనపు బరువు.

కృష్ణలంక_కుర్రోడు (విజయవాడ)
ఇంత తెలిసి కూడా ఎందుకు వెళ్ళాలి? టీవీలో చూపించండి బాబుకి. నేను చిలికా వెళ్ళినప్పుడు సతపడా దగ్గర చూశా. డాల్ఫిన్ వీపు ఇలా కనపడిందో లేదో నాలుగైదు ఇంజన్ పడవలు గుండ్రంగా మూసేశాయి. మా పడవలో వాళ్ళు ఈలలు, చప్పట్లు. పడవాయన్ని దూరంగా ఆపమంటే "చూపించకపోతే మీరే డబ్బులు వాపస్ అడుగుతారు" అన్నాడు. ఏ ఏజెన్సీ అనేది అనవసరం, అందరూ అలాగే ఉన్నారు ఆ రోజు. అవి ఇరావడీ డాల్ఫిన్లు, చిలికా మొత్తం మీద ఉన్నవే నూట యాభై అటూ ఇటూ. ప్రొపెల్లర్ తగిలితే అంతే సంగతులు. అప్పట్నుంచి ఇలాంటి వాటికి నేను పోను.

నిజాంపట్నం_రేవు (గుంటూరు)
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. మాది వేట ఇల్లు. నేను గుంటూరులో ఉద్యోగం చేస్తున్నా గానీ మా బాబాయిలు ఇప్పటికీ నిజాంపట్నం నుంచి బోటు మీద పోతారు. సముద్రం మీదకి పోయినప్పుడు డాల్ఫిన్లు వాటంతట అవే బోటు ముందుకి వచ్చి కాసేపు ఈది వెళ్ళిపోతాయి. మా వాళ్ళు స్టీరింగు అలాగే పట్టుకుని, స్పీడు మార్చకుండా పోతారు. వెంటబడితే రావు. చిన్నప్పుడు నాకు ఎవరూ నేర్పకుండానే తెలిసిన సంగతి ఇది.

కానీ పడవాయన్ని ఒక్కణ్ణే తిట్టకండి. డీజిల్ అప్పు, సీజన్ నాలుగు నెలలు, పక్క పడవలో వాళ్ళు దగ్గరగా చూసి కేకలేస్తుంటే మన పడవలో వాళ్ళు ఊరుకుంటారా? "పోనియ్ పోనియ్" అనేది ఎవరు? టిప్పు దేనికిస్తారు? దూరం పాటించినందుకు ఎవరైనా టిప్పు ఇచ్చారా ఎప్పుడైనా? అదొక్కటి మారితే సగం మారుతుంది.

లంగరు
రేవు అన్నా, ఇది నేను రాయాల్సింది, మీరు నాకంటే బాగా రాశారు.

కుర్రోడూ, వెళ్ళకపోవడం కూడా సరైన పనే, దాన్ని కాదనను. ఇంకో కోణం కూడా చూడు. ఇరవయ్యో శతాబ్దంలో ఒక్క దక్షిణార్ధగోళంలోనే 3.5 లక్షలకు పైగా నీలి తిమింగలాల్ని నూనె కోసం, మాంసం కోసం చంపారు. మన హిందూ మహాసముద్రంలో కూడా 1960ల్లో సోవియట్ నౌకలు దొంగచాటుగా వెయ్యికి పైగా చంపాయి. 1979లో హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల అభయారణ్యంగా ప్రకటించారు, సీషెల్స్ అనే బుల్లి దేశం పట్టుబట్టి సాధించింది. వాణిజ్య వేట మీద అంతర్జాతీయ నిషేధం 1982లో నిర్ణయమై 1986 నుంచి అమల్లోకి వచ్చింది. నార్వే, ఐస్‌లాండ్ దాన్ని ఒప్పుకోలేదు, జపాన్ 2019లో అంతర్జాతీయ వేల్ కమిషన్ నుంచే బయటికి పోయింది. అంటే ఆ తలనొప్పి తీరలేదు.

ఇలాంటప్పుడు బతికున్న తిమింగలం వల్ల ఊరికి కూడు దొరుకుతుందని చూపించడం చాలా అవసరం. మిరిస్సాలో ఆ పడవలు, గదులు, హోటళ్ళు అన్నీ దాని పేరు మీదే నడుస్తున్నాయి. కాకపోతే చూసే పద్ధతి మారాలి.

పట్నంబజార్_శర్మ (గుంటూరు)
పెద్దవాళ్ళ సంగతి ఎవరూ రాయలేదేంటి! అమ్మా, ఆవోమిన్ బిళ్ళ పడవ ఎక్కడానికి గంట ముందు వేసుకుంటే వాంతులు ఆగుతాయి, కానీ నిద్ర వస్తుంది. మీ నాన్నగారికి బీపీ మాత్రలు ఉన్నాయి కాబట్టి మీ డాక్టర్ని అడిగాకే. పొద్దున్నే ఖాళీ కడుపుతో ఎక్కవద్దు, కడుపు నిండా తినీ ఎక్కవద్దు. ఒకటో రెండో ఇడ్లీలు చాలు. పడవ మధ్యలో, కింద అంతస్తులో, కొంచెం వెనగ్గా కూర్చోబెట్టండి. ముందు భాగం బాగా ఊగుతుంది. ఫోన్ చూస్తూ కూర్చోవద్దు, సముద్రం అంచు కేసి చూడాలి. ఆరు, ఆరున్నరకి బయల్దేరితే పదకొండు ప్రాంతంలో ఒడ్డుకి తెస్తారు. ఫిబ్రవరిలో ఆ వైపు సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది.

తిండి సంగతి: ఇడియాప్పం, పప్పు కూర (అక్కడ పరిప్పు అంటారు) ఎక్కడైనా దొరుకుతాయి. కొబ్బరి పచ్చడి, అదే పోల్ సంబోల్, చూడగానే మనదే అనుకుని పెట్టేసుకుంటారు. అందులో ఎండుచేప పొడి కలుపుతారు చాలా చోట్ల. "ఉంబలకడ లేకుండా" అని అడిగి తీసుకోండి. ఇది తెలియక మా బావగారు రెండు రోజులు తిన్నారు, మూడో రోజు తెలిసింది. ఆయన ముఖం చూడాలి.

పటమట_అమ్మాయి
శర్మగారూ చాలా థాంక్సండీ, ఆ ఉంబలకడ మాట రాసి పెట్టుకున్నా. లంగరు గారూ, సరే, మంచి పడవ అని ఎలా తెలుసుకోవాలి? వెబ్‌సైట్ల మీద అందరూ "పర్యావరణహితం" అనే రాసుకున్నారు.

మోడరేటర్
పడవల ఏజెన్సీల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టవద్దు. రెండు పోస్టులు తీసేశాను. మంచిదైనా చెడ్డదైనా ప్రైవేట్ మెసేజ్‌లో చెప్పుకోండి.

లంగరు
వెబ్‌సైట్ వదిలేసి వాట్సాప్‌లో సూటిగా అడగండి. ముందు, "తిమింగలానికి ఎంత దూరంలో ఆపుతారు?" ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబుతోనే సగం మంది రాలిపోతారు. 100 మీటర్లు అని టక్కున రావాలి. తల్లీపిల్లా కనపడితే ఏం చేస్తారో అడగండి. ఇంకా ఎక్కువ దూరం ఉంటామనాలి. ఆస్ట్రేలియా లాంటి చోట్ల పిల్ల ఉంటే 300 మీటర్లు పాటించమంటారు. అక్కడ అప్పటికే పడవలు ఉంటే ఏం చేస్తారని కూడా అడగండి. ఆగి తమ వంతు కోసం చూస్తాం, లేదా వేరే వైపు వెతుకుతాం అంటే నమ్మొచ్చు. శ్రీలంక వన్యప్రాణి శాఖ లైసెన్సు ఉందా, పడవలో వివరించే గైడ్ ఉంటాడా, లైఫ్ జాకెట్లు పిల్లల సైజువి ఉన్నాయా, ఇవి మామూలే.

కనపడకపోతే ఏం చేస్తారన్నది చాలామంది అడగరు గానీ నాకు చాలా ముఖ్యం. "ఇంకో రోజు ఉచితంగా తీసుకెళ్తాం" అంటే ఆ రోజు వాళ్ళకి వెంటబడాల్సిన అవసరం ఉండదు. "గ్యారంటీ" అంటే వెంటబడతారు.

పడవ ఎక్కాక మీరే చూడొచ్చు. మంచి నడిపేవాడు తిమింగలం పక్కగా, అది పోయే దిక్కుకే సమాంతరంగా, దాని వేగాన్ని బట్టి నెమ్మదిగా పోతాడు. ఎదురుగా పోడు, దారికి అడ్డం కొట్టడు, వీపు వెనక తరమడు. అదే పడవ వైపు వస్తే ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి ఊరుకుంటాడు. అలా వచ్చినప్పుడు 100 మీటర్ల లెక్క మీది కాదు, దాని ఇష్టం. అప్పుడు అరవకుండా ఉంటే చాలు.

అంతర్జాతీయ వేల్ కమిషన్ వాళ్ళ వేల్ వాచింగ్ హ్యాండ్‌బుక్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. దేశాల వారీగా రూల్స్ ఇచ్చారు. ఓపికుంటే చూడండి.

బెంజ్‌సర్కిల్_బ్రో
మరి డ్రోన్? పై నుంచి తీస్తే దానికి తెలియను కూడా తెలియదు కదా. నీళ్ళలో దిగి పక్కన ఈదే వీడియోలు కూడా చూశా శ్రీలంకవి.

లంగరు
ఈదడానికి అక్కడ ప్రత్యేక అనుమతి కావాలి, మామూలు టూరిస్టు పడవ టికెట్‌తో అది రాదు. ఎవరైనా అది లేకుండా "మేం చూసుకుంటాం" అంటే చట్టం తప్పి తీసుకెళ్తున్నట్టే, పట్టుబడితే నువ్వూ ఉంటావ్. డ్రోన్ సంగతి, కిందకి దించితే దాని రొద, నీడ రెండూ ఇబ్బందే. పైగా శ్రీలంకలో డ్రోన్ ఎగరేయాలంటే విమానయాన శాఖ అనుమతి వేరే. సూట్‌కేసులోనే ఉంచెయ్.

బెంజ్‌సర్కిల్_బ్రో
డ్రోన్ మీద ఈఎమ్ఐ కడుతున్నానన్నా ఇంకా 😀 సరే, భవానీ ఐలాండ్ మీద ఎగరేసుకుంటా.

మోడరేటర్
అక్కడ కూడా అనుమతి ఉందో లేదో చూసుకుని.

పటమట_అమ్మాయి
అప్‌డేట్. ఆరుగురికి అవే ప్రశ్నలు పంపాను. సగం రేటు ఆయన చూసి జవాబే ఇవ్వలేదు. గ్యారంటీ ఆయన "మేడమ్ డోంట్ వర్రీ, వెరీ క్లోజ్" అని బొటనవేలి బొమ్మ పెట్టాడు. ఇద్దరు 100 మీటర్లు అన్నారు, పిల్ల సంగతి అడిగితే ఒకరు తడబడ్డారు. ఒకామె మాత్రం ఫోన్ చేసి మరీ మాట్లాడింది. పడవ మీద మైకు ఉండదట, గైడ్ నోటితోనే చెప్తాడట. ఒక తిమింగలం దగ్గర మూడు పడవలు ఉంటే తమది దూరం నుంచే చూసి వెళ్ళిపోతుందట. "మీరు తోక ఫోటో కోసం వస్తుంటే వేరే పడవ చూసుకోండి" అని కూడా అంది! మా ఆయనకి ఆ మాట నచ్చింది. రేటు మాత్రం మిగతావాళ్ళ కంటే బాగా ఎక్కువ.

నిజాంపట్నం_రేవు
ఆ ఎక్కువ రేటే అసలు సంగతి చెల్లెమ్మా. తక్కువ మందిని ఎక్కించుకుని, వెంటబడకుండా, కనపడకపోతే మళ్ళీ తీసుకెళ్ళాలంటే ఆ డబ్బు ఎక్కడో రావాలి కదా. దిగేటప్పుడు నడిపినాయనకి టిప్పు ఇవ్వండి, ఎందుకిస్తున్నారో చెప్పి మరీ ఇవ్వండి. పక్క పడవ వాళ్ళకి కూడా వినపడాలి.

పట్నంబజార్_శర్మ
మన తీరంలో కనపడవా అసలు? సూర్యలంక ఎప్పుడు వెళ్ళినా చచ్చిన తాబేళ్ళే కనపడతాయి.

నిజాంపట్నం_రేవు
తాబేళ్ళు ట్రాల్ వలల్లో ఇరుక్కుని ఊపిరాడక పోతాయండీ. వలకి తాబేలు బయటికి పోయే తలుపు ఒకటి బిగించాలి, టెడ్ అంటారు. దాంతో పాటు కొంత చేప కూడా పోతుందని చాలామంది కట్టరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నన్నాళ్ళు కొంచెం నయం.

తిమింగలాలు చూపించే పడవలైతే మన వైపు నాకు తెలిసి ఎక్కడా లేవు. లోతు సముద్రంలో ఉంటాయి, చచ్చినవే ఒడ్డుకి కొట్టుకొస్తుంటాయి. 2023లో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి ఒకటి కొట్టుకొచ్చింది, పేపర్లు నీలి తిమింగలం అని రాశాయి, పాతిక అడుగులన్నారు. జనం ఎక్కి సెల్ఫీలు.

లంగరు
పాతిక అడుగులంటే, నీలి తిమింగలం పుట్టేటప్పుడే ఇరవై మూడు అడుగుల దాకా ఉంటుంది. అంటే అది నిజంగా నీలి తిమింగలమైతే పాలు మరవని పసిది.

ఒడ్డుకి ప్రాణంతో వస్తే ఏం చేయాలో మన తీరంవాళ్ళు తెలుసుకోవాలి. 2016 జనవరిలో తమిళనాడు తూత్తుకూడి జిల్లా తీరానికి పైలట్ వేల్స్ 80కి పైగా కొట్టుకొచ్చాయి. ఊరివాళ్ళు, జాలర్లు రాత్రంతా లోపలికి నెడితే కొన్ని మళ్ళీ వెనక్కే వచ్చాయి, సగానికి సగం చచ్చిపోయాయి. తిమింగలానికి నేల మీద దాని బరువే శత్రువు, ఊపిరితిత్తుల్ని నొక్కేస్తుంది. పైగా ఎండకి ఒళ్ళు కాలిపోతుంది. తోక పట్టి లాగకూడదు. తల మీద ఊపిరి తీసే రంధ్రంలోకి నీళ్ళు పోనివ్వకూడదు. తడి గుడ్డలు కప్పి, నీడ పట్టి, జనాన్ని దూరంగా ఉంచి, 112కి ఫోన్ చేసి అటవీ శాఖని, మెరైన్ పోలీసుల్ని రమ్మనాలి. చచ్చినదైనా ముట్టుకోవద్దు, రోగాలు అంటుకోవచ్చు.

వేల్ షార్క్ సంగతి వేరు, అది చేప, మొప్పలతో ఊపిరి తీస్తుంది. 2022 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి వచ్చినదాన్ని అటవీ శాఖవాళ్ళు, జాలర్లు కలిసి ప్రాణాలతో సముద్రంలోకి పంపగలిగారు. గుజరాత్‌లో అయితే అది వలలో పడితే జాలరే వల కోసి వదిలేస్తాడు, పాడైన వలకి ప్రభుత్వం డబ్బులిస్తుంది. అలాంటిది మన దగ్గరా ఉంటే రేవు అన్న బాబాయిలకి చెప్పే పనే ఉండదు.

నిజాంపట్నం_రేవు
వల ఖరీదు ఎంతో తెలిసినవాడికే ఆ పథకం విలువ తెలుస్తుంది.

కృష్ణలంక_కుర్రోడు
మరి తిమింగలం వాంతి కోట్లు పలుకుతుందంటారు, ఒడ్డున దొరికితే? సరదాకి అడుగుతున్నా.

లంగరు
సరదాకి కూడా ముట్టుకోకు. స్పెర్మ్ వేల్ పేగుల్లో తయారయ్యే పదార్థం అది, అంబర్‌గ్రిస్. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద మన దేశంలో దగ్గర ఉంచుకోవడమే నేరం, అమ్మడం సంగతి చెప్పక్కర్లేదు.

అరండల్‌పేట_టీచర్ (గుంటూరు)
మొత్తం చదివాను, బాగుంది. మా పిల్లలకి ఫిబ్రవరిలో సెలవులు దొరకవు. మే నెలలో అయితే మిరిస్సా వెళ్ళొచ్చా?

లంగరు
మేలో మిరిస్సా వద్దు మేడమ్. నైరుతి రుతుపవనాలు ఆ వైపు సముద్రాన్ని కల్లోలం చేస్తాయి, పడవలు చాలా మటుకు ఆగిపోతాయి. మే నుంచి ఆగస్టు దాకా తూర్పు తీరంలోని ట్రింకోమలీ బాగుంటుంది. నీలి తిమింగలాలు, స్పెర్మ్ వేల్స్ అక్కడా తిరుగుతాయి. మిరిస్సాతో పోలిస్తే పడవలు తక్కువ. ప్రశ్నలు మాత్రం అవే పంపండి.

అరండల్‌పేట_టీచర్
పంపాను. ఒకాయన జవాబిచ్చాడు, 50 మీటర్లంటున్నాడు.

లంగరు
50 మీటర్లన్నది డాల్ఫిన్లకి. తిమింగలానికి 100 అని రాసి, మళ్ళీ అడగండి.